ఏరు పొంగితే ఎగువన వానేనా?

ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎర్రగా పోటెత్తితే విజయవాడలో ఎవరూ తలెత్తి ఆకాశం వైపు చూడరు. ఎగువన ఎక్కడో, ఏ కర్ణాటకలోనో, మహారాష్ట్రలోనో వాన దంచి కొట్టిందనుకుంటారు. కంటి ముందున్న నీటిని బట్టి కంటికి కనబడని వానను తెలుసుకోవడమిది. మన తార్కికులు దీనికి పెట్టిన పేరు అనుమానం. వాడుకలో ఆ మాటకు సందేహమని అర్థం వచ్చింది గానీ, శాస్త్రంలో దాని అర్థం దాదాపు తలకిందులు. ఒక గుర్తును పట్టుకుని, కనబడని సంగతిని నిశ్చయించుకోవడమే అనుమానం.

సుమారు రెండు వేల ఏళ్ల నాటి గౌతముడి న్యాయసూత్రాల్లో ఈ పొంగిన ఏటి మీద ఒక వాదన నడుస్తుంది. ప్రతివాది మూడు ప్రశ్నలు వేస్తాడు. ఏరు పొంగింది గనుక పైన వాన పడిందంటున్నారు, దిగువన ఎవరైనా కట్ట వేసినా నీళ్లు ఎగదన్నుతాయి కదా? చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి గనుక వాన రాబోతోందంటున్నారు, పుట్టను ఎవరైనా కదిపినా అవి అలాగే పరుగెడతాయి కదా? నెమలి కూత వినబడింది గనుక అక్కడ నెమలి ఉందంటున్నారు, నెమలిలా కూయగల మనిషి ఉండడా?

అడ్డుకట్ట, కదిలిన పుట్ట, అనుకరించిన గొంతు. ఒకే గుర్తు వేర్వేరు కారణాల వల్ల పుట్టగలిగినప్పుడు ఆ గుర్తును నమ్ముకుని తేల్చింది జ్ఞానమవుతుందా? ఆశ్రమాల్లో, పాఠశాలల్లో పుట్టిన ఈ ప్రశ్న ఈ రోజు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. 2024లో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 15 కోట్లు దాటాయి. ఆ ఖాతాలున్న చాలా ఇళ్లలో తరచుగా వినబడే మాట ఒకటుంది: "పెద్దవాళ్లు కొంటున్నారట." విదేశీ సంస్థలు, మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలు ఫలానా షేరులో వాటా పెంచుకున్నాయంటే ఆ షేరులో ఏదో ఉందని నమ్మకం. అమ్ముకున్నాయంటే ఏదో తేడా ఉందని భయం. ఏటిలో నీరు పెరిగింది గనుక ఎగువన వాన పడిందన్న నమ్మకం లాంటిదే ఇది.

ఆ నమ్మకానికి ఆధారమైన కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ, మూడు నెలలు ముగిసిన 21 రోజుల్లోపు తన వాటాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో పట్టిక వేసి ప్రకటించాలి. పట్టికలో పైన ప్రమోటర్లు ఉంటారు. తర్వాత మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు. ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు విడిగా కనిపిస్తాయి. ఇంకా కిందికి జరిగితే, రెండు లక్షల రూపాయల వరకు నామమాత్రపు వాటా మూలధనం ఉన్న వ్యక్తులు అనే వరుస తగులుతుంది. అక్కడ లక్షల మంది ఉండొచ్చు. వాళ్లంతా కలిపి ఒక్క అంకె. ఆ వరుసలోని మనిషి ఫోను తెర మీద వేలితో పట్టికను పైకి జరుపుకుని, పేర్లున్న వరుసల్లో శాతం పెరిగిందా తగ్గిందా అని చూస్తాడు. కిందటిసారి 4.1 ఉన్నది ఈసారి 5.6 అయితే గుండె కుదుటపడుతుంది.

చూడటానికి ఈ పట్టిక ఒక్కటే కాదు. మ్యూచువల్ ఫండ్లు తమ దగ్గరున్న షేర్ల చిట్టాను నెల ముగిసిన పది రోజుల్లో బయటపెడతాయి. ఒక కంపెనీ షేర్లలో అర శాతానికి మించి ఒకే రోజు ఒకే ఖాతాదారు కొన్నా, అమ్మినా అది బల్క్ డీల్ కింద ఆ రోజే వెల్లడవుతుంది. విదేశీ, దేశీయ సంస్థలు ఆ రోజు మొత్తం మీద ఎన్ని కోట్లు కొన్నాయో, ఎన్ని కోట్లు అమ్మాయో సాయంత్రానికి లెక్క వస్తుంది. అమెరికాలోనూ 10 కోట్ల డాలర్లకు పైబడి షేర్లను నిర్వహించే సంస్థలు త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో తమ చిట్టాను అప్పజెప్పాలి.

ఇన్ని నిబంధనలూ సంస్థల చేత చెప్పిస్తున్నది ఒక్కటే: ఏం కొన్నారు, ఎంత కొన్నారు. ఎందుకు కొన్నారన్నది వీటిలో ఏ కాగితమూ అడగదు. చదివేవాడు మాత్రం ఆ "ఎందుకు" కోసమే చదువుతాడు. ఆ ఖాళీని తన ఊహతో పూరించుకుని, అది సంస్థ చెప్పిన మాటేనని నమ్ముతాడు. అసలు చిక్కు ఇక్కడుంది.

తెలుగునాట పుట్టి కాశీలో పేరు తెచ్చుకున్న అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం నేర్చుకునేవారి మొదటి పుస్తకాల్లో ఒకటి. అందులో పొగ, నిప్పు ఉదాహరణ ఉంది. వంటింట్లో పదే పదే చూసి, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని మనిషి గ్రహిస్తాడు. కొండ మీద పొగ కనబడగానే అక్కడ నిప్పుందని నిశ్చయిస్తాడు. ఇంతవరకు సరే. దీన్నే తిప్పి, నిప్పుంది గనుక పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. పైకి చెప్పకుండా దాగిన ఆ షరతును ఉపాధి అన్నారు. సంస్థ కొంటే కంపెనీ మంచిదనే సూత్రంలోనూ అలాంటి పచ్చికట్టె ఒకటి దాగి ఉంది: ఆ కంపెనీ గురించి ఆలోచించి, నమ్మి కొని ఉండాలి. ఆ షరతు లేని కొనుగోళ్లు, అలాంటివే అమ్మకాలు మార్కెట్‌లో రోజూ జరుగుతాయి. న్యాయసూత్రాల ప్రతివాది వేసిన మూడు ప్రశ్నల వరసలోనే వాటిని చూడవచ్చు.

మొదటిది అడ్డుకట్ట. 2023 ఆగస్టు 21న జియో ఫైనాన్షియల్ సర్వీసెస్ షేరు రిలయన్స్ నుంచి విడిపోయి మార్కెట్‌లోకి వచ్చింది. బీఎస్‌ఈలో 265 రూపాయల దగ్గర మొదలై, వరసగా కొన్ని రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో ధర పడగల కింది హద్దు, తాకింది. ఇలా విడిపోయిన కొత్త షేరును సూచీల్లో తాత్కాలికంగా ఉంచి, తర్వాత తీసేయాలన్నది నియమం. సూచీని అనుసరించే ఫండ్లకు ఆ షేరును వదిలించుకోవడం తప్పనిసరి. ధర రోజూ కింది హద్దుకు కొట్టుకుంటూ ఉండటంతో సూచీ నుంచి తొలగించే తేదీనే రెండుసార్లు వెనక్కి జరిపారు. ఇండెక్స్ ఫండ్లకు ఆ కంపెనీ మీద మంచి అభిప్రాయం గానీ, చెడ్డ అభిప్రాయం గానీ లేదు. వాటికి అసలు అభిప్రాయమే ఉండదు, నియమం ఉంటుంది. ఆ అమ్మకాల అంకెలు చూసి పెద్దవాళ్లు పారిపోతున్నారనుకున్న మనిషి, దిగువన వేసిన కట్టను చూడకుండా ఎగువన వానను లెక్కగట్టినవాడే.

రెండోది కదిలిన పుట్ట. 2020 మార్చిలో కరోనా ప్రపంచాన్ని మూసేస్తున్నప్పుడు విదేశీ మదుపరులు ఆ ఒక్క నెలలో మన షేర్లలోంచి సుమారు 62 వేల కోట్ల రూపాయలు నికరంగా వెనక్కి తీసుకున్నారు. నిఫ్టీ ఆ నెలలో 23 శాతం పడింది. సబ్బులమ్మే కంపెనీ, సిమెంటు చేసే కంపెనీ, మందులు తయారుచేసే కంపెనీ అన్న తేడా లేకుండా అమ్మకాలు సాగాయి. భయపడిన జనం ఫండ్ల నుంచి డబ్బు వెనక్కి అడుగుతుంటే ఫండ్ తన దగ్గరున్నది అమ్మక తప్పదు. కదిలింది పుట్ట. రాబోయే వాన సంగతి చీమలకు తెలిసిందనుకుంటే పొరపాటు మనదే.

2024 అక్టోబరు మరీ విచిత్రం. విదేశీ మదుపరులు ఆ నెలలో రికార్డు స్థాయిలో 94 వేల కోట్ల రూపాయల మేర నికరంగా అమ్మారు. అదే నెలలో దేశీయ సంస్థలు లక్ష కోట్లకు పైగా కొన్నాయి. మన షేర్ల ధరలు బాగా పెరిగిపోయాయని, చైనా ప్రకటించిన ఉద్దీపన ఆశ కలిగిస్తోందని, అమెరికా బాండ్ల రాబడి పెరుగుతోందని విదేశీయుల లెక్క. ఇక్కడి ఫండ్లకేమో నెలనెలా సిప్‌ల రూపంలో డబ్బు వచ్చి పడుతోంది. ఆ అక్టోబరులోనే సిప్ జమలు తొలిసారి 25 వేల కోట్లు దాటాయి. వచ్చిన డబ్బును ఎక్కడో ఒకచోట పెట్టాలి. పెద్దవాళ్ల అడుగుల్లో నడవాలనుకున్న మనిషికి ఆ నెలలో ఒక పెద్ద తూర్పుకు, ఇంకో పెద్ద పడమటికి నడుస్తూ కనిపించారు. పైగా తూర్పుకు నడిచిన దేశీయ పెద్ద చేతిలో ఉన్నది ఆ మనిషి నెలనెలా కట్టే డబ్బే. ఎవరి అడుగుల్లో ఎవరు నడుస్తున్నట్టు?

మూడోది అనుకరించిన గొంతు, అన్నిటికంటే ప్రమాదకరమైనది. ప్రమోటరు తన డబ్బునే దేశం దాటించి, విదేశీ ఫండ్ వేషంలో తిరిగి తన కంపెనీ షేర్లలోకే తెస్తే పట్టికలో అది విదేశీ మదుపరి వరుసలోనే కూర్చుంటుంది. నెమలి లేకుండానే నెమలి కూత వినబడుతుంది. ఇది ఊహించుకున్న భయమే అయితే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన తేవాల్సిన పని ఉండేది కాదు. తమ పెట్టుబడిలో సగానికి మించి ఒకే కార్పొరేట్ గ్రూపు షేర్లలో పెట్టిన విదేశీ ఫండ్లు, వెనకున్న అసలు యజమానులెవరో చివరి మనిషి దాకా చెప్పాలని 2023 ఆగస్టులో సెబీ ఆదేశించింది.

మరి గుర్తులన్నీ వృథాయేనా? న్యాయసూత్రాలు ప్రతివాదికి ఇచ్చిన జవాబు ఎంతో నిదానమైనది. మీరు చూపిన గుర్తు, మేము చెప్పిన గుర్తు ఒకటి కావంటారు నైయాయికులు. కట్ట వల్ల నిలిచిన నీరు వేరు. వాన వల్ల వచ్చిన వరద వేరు. వరదలో వేగం ఉంటుంది, నురగ ఉంటుంది, కొట్టుకొచ్చే ఆకులు, పండ్లు, దుంగలు ఉంటాయి. వీటన్నిటినీ చూసి ఎగువన వాన పడిందంటే అది సరైన అనుమానం. ఊరికే నీటిమట్టం పెరగడం చూసి అంటే, ఆ తప్పు అలాంటి గుర్తును పట్టుకున్న మనిషిది, ప్రమాణానిది కాదు. సందేహవాదానికి లొంగకుండా, గుడ్డినమ్మకానికీ లొంగకుండా మన తత్త్వశాస్త్రం చూపిన దారి ఇది. నీళ్లలోకి దిగి చూడమంటుంది.

దిగి చూడకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు.

1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ 2008 నాటికి 50 వేల మందికి పైగా ఉద్యోగులున్న సంస్థ. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలోనూ నమోదైంది. వాటాల్లో సగానికి పైగా దేశ విదేశాల సంస్థాగత మదుపరుల చేతుల్లో ఉండేవి. అంతమంది పెద్దలు ఉన్నారు గనుక చిన్న మదుపరులు నిశ్చింతగా ఉన్నారు. కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారం ఆ ఏడాదే వచ్చింది. ఆ పేరుకు బంగారు నెమలి అని అర్థం.

2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గర ఆగింది.

పెద్ద సంస్థలకు తెలియదా? తెలియదు. అవి ఆడిట్ అయిన లెక్కలను నమ్మాయి. ఆడిటర్ల ముందుకు వచ్చిన డిపాజిట్ల కాగితాలే నకిలీవి. చిన్న మదుపరి ఫండ్‌ను నమ్మాడు, ఫండ్ ఆడిట్ నివేదికను నమ్మింది, ఆడిట్ నివేదిక కాగితాన్ని నమ్మింది. ఇంత పొడవైన వరుసలో బ్యాంకులోని డబ్బును కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. మన శాస్త్రాలు దీన్ని అంధపరంపర అన్నాయి. పుట్టుగుడ్డి ఒకడు రంగు గురించి చెబితే, దాన్ని విన్న ఇంకో గుడ్డివాడు మరొకడికి చెబితే, ఆ వరుస వేయిమంది దాకా సాగినా అది రంగును చూసినట్టు కాదు. చెప్పినవాళ్లు ఎక్కువైన కొద్దీ జ్ఞానం పెరగదు. మొదట ఒక్కడైనా చూసి ఉండాలి.

ఆకులు, దుంగలు కొట్టుకొచ్చిన సంగతి మాత్రం అదే వాటాల పట్టికలో ఉంది, అదీ పై వరుసలో. 2001లో పాతిక శాతం దాకా ఉన్న ప్రమోటర్ల వాటా తరుగుతూ తరుగుతూ 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకు వచ్చింది. కంపెనీ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు మెల్లగా బయటికి నడుస్తుంటే, తక్కువ తెలిసినవాళ్లు లోపలికి వస్తూ ఉన్నారు. మిగిలిన వాటాలోనూ చాలా భాగం అప్పుల కింద తాకట్టులో ఉందన్న సంగతి అప్పటికి బయటపెట్టనక్కరలేదు. సత్యం కూలిన నెలలోనే ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను వెల్లడించడాన్ని సెబీ తప్పనిసరి చేసింది.

భగవద్గీత మూడో అధ్యాయంలో శ్రేష్ఠుడు ఎలా నడిస్తే లోకం అలా నడుస్తుందన్న మాట ఉంది. పెద్దవాళ్లను అనుసరించడానికి శాస్త్రమే అనుమతి ఇచ్చిందన్నట్టు చాలామంది దీన్ని చెప్పుకుంటారు. తర్వాతి శ్లోకాలు చదివితే సంగతి వేరు. లోకం తన వెంట వస్తుంది గనుక తనకు పొందవలసింది ఏమీ లేకపోయినా తాను కర్మ చేస్తూనే ఉంటానని కృష్ణుడు అక్కడ చెబుతాడు. ఆ మాటల్లో బరువంతా ముందు నడిచేవాడి భుజాల మీద ఉంది. వెనక నడిచేవాడు కళ్లు మూసుకోవచ్చని అక్కడ ఎక్కడా లేదు. మన దేశంలో మ్యూచువల్ ఫండ్లు ట్రస్టులుగా ఏర్పడతాయి. అంటే పరాయి సొమ్ముకు ధర్మకర్తలు. ఆ ధర్మకర్తృత్వం పుట్టిల్లు అమ్మి డబ్బు దాచిన ముసలమ్మకూ, జీతంలోంచి నెలకు వెయ్యి కట్టే గుమాస్తాకూ సమాధానం చెప్పాలి. గీత అడిగే బాధ్యత అదే.

ఇంకొకరి మాట మనకు జ్ఞానం కాగలదా అంటే కాగలదనే నైయాయికుల జవాబు. దానిపేరు శబ్ద ప్రమాణం. చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. ఎవరు ఆప్తుడు? విషయాన్ని తాను స్వయంగా తెలుసుకుని, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణమని న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. విదేశీ మదుపరి అయినంత మాత్రాన గొప్ప కాదు, దేశీయుడైనంత మాత్రాన తక్కువా కాదు. వేదం ప్రమాణమని చెప్పే చోట కూడా గౌతముడు ఆయుర్వేదాన్ని పోలికగా తెచ్చాడు. మందు గుణమిచ్చింది కళ్లెదుట కనబడుతుంది గనుక వైద్యుడి మాట నమ్ముతాం. శబ్దానికి కూడా పరీక్ష ఉందన్నమాట.

ఈ కొలత ముందు పెడితే షేరు కొన్న సంస్థ ఆప్తుడు కాదు. అది తెలుసుకుని ఉండవచ్చు. చెప్పాలన్న కోరిక మాత్రం దానికి లేదు, ఉండనక్కరలేదు కూడా. అది మౌనంగా కొంటుంది, మౌనంగా అమ్ముతుంది. మౌనాన్ని మాటగా వినడం వినేవాడి తప్పు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక సామెత ఉంది. ఆయన నడిచిన దారినే నడవవచ్చు, ఆయన చదువు మన వెంట రాదు. ఫండ్ కొన్న షేరునే కొనవచ్చు. ఎంతకు కొన్నది, ఎన్నాళ్లు ఉంచుకోదలచింది, ఎంత నష్టాన్ని తట్టుకోగలదు అన్నవి ఆ షేరుతో పాటు మన డీమ్యాట్‌లోకి రావు.

అయితే సంస్థలు నోరు విప్పిన సందర్భాలున్నాయి. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. ఆ సాయంత్రం మదుపరులు కాన్ఫరెన్స్ కాల్‌లోనే నిలదీశారు. వాటాదార్ల డబ్బు తీసుకెళ్లి కుటుంబ కంపెనీల్లో పోయడమేమిటని అడిగారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది. తెల్లారేలోగా బోర్డు నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఏళ్ల తరబడి ఆ సంస్థలు షేర్లు పట్టుకుని కూర్చోవడం చిన్న మదుపరికి ఏమీ చెప్పలేదు. ఆ ఒక్క రాత్రి వాళ్లడిగిన ప్రశ్న ఎంతో చెప్పింది. ఆ ప్రశ్నలో కారణం ఉంది, ఎవరైనా దాన్ని తూచి చూసుకోగలరు. మూడు వారాలకే అసలు గుట్టు బయటపడింది.

ఓటుతో నోరు విప్పిన సందర్భమూ ఉంది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ వాటాదార్ల సమావేశంలో మేనేజింగ్ డైరెక్టర్ సిద్ధార్థ లాల్ పునర్నియామక తీర్మానానికి కావాల్సిన 75 శాతం ఓట్లు రాలేదు. జీతం పెంపు మీదే అభ్యంతరం. బోర్డు జీతం పరిమితిని తగ్గించి మళ్లీ అడిగితే వాటాదార్లు ఆమోదించారు. ఏ త్రైమాసిక పట్టికలోనూ ఈ కథ కనబడదు. వాటా శాతాలు వ్యతిరేక ఓటును చూపించవు.

ఓటు వేయడం ఇప్పుడు ఫండ్ల ఇష్టానికి వదిలిన విషయం కాదు. 2021 ఏప్రిల్ నుంచి ముఖ్యమైన తీర్మానాల మీద, 2022 ఏప్రిల్ నుంచి అన్ని తీర్మానాల మీద మ్యూచువల్ ఫండ్లు ఓటు వేసి తీరాలని సెబీ ఆదేశించింది. ఇండెక్స్ ఫండ్లకూ మినహాయింపు లేదు. షేరు కొనడానికి కారణం చెప్పలేని ఫండ్ కూడా ఓటుకు కారణం చెప్పవలసిందే. అనుకూలమా, వ్యతిరేకమా, ఎందువల్ల అన్నది ప్రతి త్రైమాసికం తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ప్రమోటరు బంధువు నియామకం, గ్రూపు కంపెనీకి ఇచ్చే అప్పు, జీతాల పెంపు, కొత్త ఆడిటరు అన్నీ అందులో ఉంటాయి. మొక్కుబడిగా రాసిన కారణాలు అక్కడ కనబడితే, ఆ ఫండ్ ధర్మకర్తృత్వం ఎలాంటిదో కూడా తెలిసినట్టే.

కనుక పెద్దవాళ్లు కొన్నారా, అమ్మారా అని పట్టిక తెరిచే పాఠకులకు ఒక విన్నపం. పట్టిక చూడండి, పై వరుసలో ప్రమోటర్ల వాటాతో, తాకట్టు లెక్కతో మొదలుపెట్టండి. ఆ తర్వాత మీరు సిప్ కడుతున్న ఫండ్ వెబ్‌సైట్‌కు వెళ్లి, అదే కంపెనీ తీర్మానాల మీద ఆ ఫండ్ వేసిన ఓట్లు, ఇచ్చిన కారణాలు చదవండి. ఆ ఓటు మీ డబ్బుతో, మీ తరఫున వేసింది.